దొరసాని బిడ్డ అడుగు

తెల్లదొరల నాడు కళాశాలతో పాటే పేరు తెచ్చుకున్న ఆ చిత్తూరు సీమ పట్టణంలో, విశ్రాంత చరిత్రోపన్యాసకులు దొరస్వామిగారు గొడుగు మొనతో తట్టని గోడ లేదు. తట్టి, చెవి ఆనించి, దాని వయస్సు ప్రకటిస్తారు. గోడలు ఎదురు చెప్పవు కనుక ఆయన పాండిత్యానికి ఏనాడూ భంగం కలగలేదు. కళాశాల గేటు పక్కనున్న సిమెంటు అరుగు మీద ఆరువేళ్ల చిన్నపాదం ముద్ర ఒకటుంది. అది తొలి ప్రిన్సిపాలు దొరగారి కూతురిదని 1998లో ఆయన తమ పుస్తకంలో రాశారు. దాన్ని నమ్మిన పురపాలకులు అరుగు చుట్టూ కంచె వేయాలనీ, ఇరవై ఏళ్లుగా అక్కడే ఇడ్లీలు అమ్ముకుంటున్న మునిరత్నమ్మను లేపేయాలనీ నిశ్చయించారు.

ఆ కబురు తెలిసిన ఉదయం మునిరత్నమ్మ, రోజూలాగే వచ్చిన దొరస్వామిగారికి ఇడ్లీ పొట్లం ఇవ్వకుండా, ఎన్నడూ చెప్పులెరుగని తన కుడికాలును ముద్ర పక్కన మోపింది. దానికీ ఆరు వేళ్లే. “సూడు సారూ, ఈ అరుగు కట్టింది మా నాయన. తడి సిమెంటు మీద నన్ను నిలబెట్టినాడు. మా నాయన ఎప్పుడు దొరైనాడో నువ్వే చెప్పు!”

దొరస్వామిగారు కళ్లద్దాలు తుడుచుకుని, ఆ వేళ్లను రెండుసార్లు లెక్కపెట్టారు. “నిజమేనమ్మా. కానీ పుస్తకం అచ్చయిపోయిండాది గదా,” అన్నారు.

కంచె లేచింది. మునిరత్నమ్మ బస్టాండు వెనక్కు మారింది. ఇడ్లీల కోసం ఆయన ఇప్పుడు అంతదూరమూ నడుస్తున్నారు. వెళ్లినప్పుడల్లా అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “చెప్పులేసుకోమ్మా, ఎవురన్నా చూస్తారు,” అంటారు.