దొరగారి చేపకు నౌపడా ఉప్పు

ఆ రోజుల్లో టెంపరరీ గుమాస్తా అంటే ఆఫీసులో ఫైళ్ళూ, ఆఫీసరు గారింట్లో మిగతావన్నీ మోసేవాడని అర్థం. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. పలాసలో ఉద్యోగం, కాశీబుగ్గలో ఇల్లు. మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. నేను పంచాంగం వదిలి టైపుమిషను పట్టుకున్నందుకు ఆయనకు కొంచెం గర్వం, చాలా దిగులు. ఉద్యోగం పర్మనెంటయితే ఆ దిగులు తీరుతుందని నా ఆశ. ఆ కాగితం మీద సంతకం పెట్టవలసిన ఆఫీసరు గారిని చాటుగా దొరగారు అనేవాళ్ళం (మనిషి మందస వాడే, టోపీ మాత్రం దొరలది). ఆయన కలకత్తా వెళ్ళి ఒక గాజుతొట్టీ, రెండు ఎర్రచేపలూ రైల్లో తెచ్చుకున్నారు. ఒకటి ఖరగ్‌పూరు దగ్గరే కన్ను మూసిందట. మిగిలినదాన్ని కన్నబిడ్డలా సాకేవారు. పది రోజులు సెలవు మీద అత్తవారింటికి వెళ్ళవలసొచ్చినప్పుడు నన్ను పిలిచి, "మీ ఇంట్లో అయితే దీన్ని ఎవరూ తినరు కదయ్యా" అన్నారు. అంతకు మించిన యోగ్యత నాలో ఆయనకేమీ కనిపించినట్టు లేదు. తిరిగొచ్చాక నా కాగితం సంగతి చూస్తానని కూడా అన్నారు. చేప సంగతిని బట్టి చూస్తారని నాకు అర్థమైంది.

తొట్టితో గుమ్మం ఎక్కగానే మా నాయనమ్మ అడ్డం నిలబడింది. చేప ఇంట్లోకి వస్తే తను బయటికి పోతానంది. స్వామివారి మొదటి అవతారం ఏమిటని నేను మెల్లిగా అడిగాను. మహా తెలివైన జవాబనుకున్నాను గాని, నా కొంపకు నేనే నిప్పు పెట్టుకున్నానని తెలీలేదు. ఆవిడ కాసేపు ఆలోచించి, పీట వేయించి, ముగ్గు పెట్టించి తొట్టిని వసారాలో కూర్చోబెట్టింది. ఆనాటి నుంచీ చేపకు రోజూ తులసితీర్థం, నేతిచుక్క వేసిన పప్పన్నం. ఏకాదశినాడు దానికీ ఉపవాసమే. ద్వాదశి ఉదయం పారణ కింద చెంబెడు ఆవుపాలతో అభిషేకం చేసింది. పక్కన నిలబడి గంట వాయించింది నేనే (ఇంతదాకా వచ్చాక అది దాచి లాభం లేదు).

ఓ గంట గడిచేసరికి చేప పక్కకు ఒరిగిపోయి, పైకి తేలి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. దానితోపాటు నా ఉద్యోగమూ ఒరిగింది. చేపకు వైద్యం ఎవరినడగాలి? పూండి వైపు సముద్రపొడ్డు నుంచి ఒకావిడ పాసింజరు బండిలో వచ్చి, మా వీధి మీదుగా బజారుకు చేపలు తీసుకెళ్ళేది. మిగతా వీధుల్లో ఆవిడ కేక ఫర్లాంగు దూరం వినిపించేది. మా పురోహితుల వీధి మొదట్లోకి రాగానే కేక ఆపేసి, గంప మీద తడిగోనె కప్పి, తల వంచుకుని నడిచిపోయేది. అలా నడవమని ఆవిడకు ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో మాకెవరికీ తెలీదు. మేమూ అడగలేదు. ఆవేళ నేను సందు చివరిదాకా పరిగెత్తి, "అమ్మా, అమ్మా, ఒక్కసారి రామ్మా" అని బతిమాలి, పెరటి గుమ్మం వైపు తీసుకొచ్చాను. ఆవిడ గంప దూరంగా దించి, చేతులు కడుక్కుని తొట్టిలోకి చూసింది.

"పాలు పోసినారేటి బాబూ? మరి దానికి ఊపిరెలా ఆడతాది?"

నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు బాగుండేది. చెరువునీళ్ళు తెప్పించింది. ఏదైనా గిన్నె ఇమ్మంటే, చేతికందిన ఇత్తడి చెంబు తెచ్చి ఇచ్చాను. చేపను అందులోకి తీసి, తొట్టి కడిగించి, నీళ్ళు నింపించి, గుప్పెడు నౌపడా ఉప్పు (మా వైపు మడుల్లో పండే కల్లుప్పు) కరిగించమంది. చేప జారిపోకుండా చెంబు మూతిని అరచేత్తో కప్పి, పసిపిల్లకు చెప్పినట్టు దానితో ఏదో చెబుతోంది. తొట్టి సిద్ధమయ్యాక మెల్లగా అందులోకి వదిలింది. అప్పుడే పారణ భోజనం ముగించుకుని మా నాన్నగారు పెరట్లోకొచ్చారు. ఆయనకు చేప కనబడలేదు, మా చెంబు ఆవిడ చేతిలో కనబడింది. ఎవరని నన్నడిగారు.

"నాకు తెలీదు నాన్నగారూ. అదే వచ్చింది" అన్నాను.

అది. అంతసేపూ అమ్మా అని పిలిచిన నోటితోనే. ఆవిడ నా వైపు ఒక్కసారి చూసి, చెంబు గట్టు మీద పెట్టేసింది. "దారి తప్పొచ్చేసినాను పంతులుగారూ" అని తప్పు తన మీదే వేసుకుని, గంపెత్తుకుని వెళ్ళిపోయింది. నాన్నగారు ఆ చెంబును చింతపండుతో మూడుసార్లు తోమించారు. తోమింది నేనే. సిగ్గుతో చచ్చిపోతున్నాను గాని చెయ్యి మాత్రం ఆపలేదు.

సాయంత్రానికి చేప నిటారుగా ఈదింది. దొరగారు తిరిగొచ్చి, "నీ చెయ్యి మంచిదయ్యా" అని మెచ్చుకుని, కాగితం మీద సంతకం పెట్టారు. నేను చేతులు కట్టుకుని ఆ మెప్పంతా పుచ్చుకున్నాను. అంతకు ముందే, చేప తేరుకున్న మర్నాడు ఆఫీసుకు బయల్దేరుతుంటే ఆవిడ మా గుమ్మం ముందు అడుగు తగ్గించి, తల ఎత్తకుండానే, "సేప బతికిందా బాబూ?" అంది. లోపల నాన్నగారు సంధ్య వార్చుకుంటున్నారు. నేను వినబడనట్టు వంగి, తెగని చెప్పు ఉంగటం సరిచేసుకున్నాను. ఆ తరవాత ఆవిడ మా వీధిలోంచి రాలేదు. చుట్టుతిరుగుడైనా రైలుకట్ట పక్కనుంచి పోయేదని విన్నాను.

ఆ సంతకంతో మొదలైన ఉద్యోగంలోనే రిటైరయ్యాను. మొన్న మా మనవరాలి గాజుతొట్టిలో చేప ఒకటి పక్కకు ఒరిగింది. నీళ్ళు మార్చి ఉప్పు వేయించాను. తేరుకుంది. ఇదెక్కడ నేర్చుకున్నావు తాతయ్యా అని పిల్ల అడిగింది. ఏదో పుస్తకంలో చదివానని నోటిదాకా వచ్చింది. బలవంతాన మింగి, పూండి వైపు నుంచి చేపలమ్మే ఆవిడ నేర్పిందని చెప్పాను. ఇన్నేళ్ళకైనా ఒక నిజం చెప్పానని లోపల కొంచెం పొంగుతున్నాను కూడా.

"ఆవిడ పేరేంటి తాతయ్యా?"

ఆవిడ నా చేప గురించి అడిగింది గాని, నేను ఆవిడ పేరెప్పుడూ అడగలేదు. నా మీద నాకే నవ్వొచ్చింది. చూస్తే అప్పటికే వంగి చెప్పులు వెతుక్కుంటున్నాను.