నగుతా కొట్లాడినోడు

తొంభైల్లో ఒక మధ్యాహ్నం, చిత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సులో నా పక్కన ఒక అవ్వ ఒళ్లో ఎక్స్‌రే కవరు పెట్టుకుని కూర్చుంది. చంద్రగిరి కోట కనబడగానే నా మోచెయ్యి తట్టింది.

"ఇంగ్లీషు సినిమాలో కత్తులు తిప్పే హీరో ఆ గోడ మీద నించే దూకినాడు నాయనా. పెండ్లయిన కొత్తల్లో నేనూ మీ తాతా టెంటు కొట్టాయిలో, నేల మీద కూసోని ఆ సినిమా సూసినాము."

"అది వాళ్ల దేశంలో తీసింటారు కదవ్వా!"

"యాడ తీస్తే ఏమి? మాకు ఒక్క మాటా అర్థం కాలేదు. గొంతు మీదికి కత్తి వచ్చినా వాడు నగుతానే కొట్లాడినాడు. అది మాత్రం మర్సిపోలేదు."

ఆస్పత్రి దగ్గర ఆమె మెల్లగా దిగింది. గేటు ముందు ఆగి, నా కిటికీ వైపు తిరిగి, ఆ కవరును కత్తిలా పైకెత్తి, సలాం చేసినట్టు నుదుటికి ఆనించి నవ్వింది.

ఏళ్ల తర్వాత అలాంటి సినిమా ఒకటి టీవీలో చూశాను. హీరో బాగానే నవ్వాడు కానీ, అవ్వంత కాదు.