ఆటో ఎక్కిన అసమీకరణం

గజపతినగరం దగ్గర ఒక బడిలో ఏడో తరగతికి లెక్కలు చెప్పే రోజులవి. ‘ఆటోలో ఏడుగురికి మించి ఎక్కకూడదు’ అన్న మాటను x ≤ 7 అని రాయించి, ఆ గుర్తు తిరగబడితే ప్రాణాలకే ముప్పని గొంతు పోయేలా చెప్పాను.

సాయంత్రం కాళ్లు పీకుతుంటే రోడ్డు మీద నిలబడ్డాను. ఎప్పటికో ఒక షేర్ ఆటో ఏడుగురితో కిక్కిరిసి వచ్చింది. డ్రైవర్ కాస్త జరిగి, “సర్దుకోండి మాస్టారూ” అన్నాడు. సగం ఒళ్లు బయటే ఉంచి అతని పక్కన కూర్చున్నాను.

వెనక వాళ్లమ్మ ఒళ్లో ఇరుక్కున్న నా విద్యార్థిని గట్టిగా అరిచింది. “ఏటి మాస్టారూ, మీరెక్కితే గుర్తు తిరగబడిపోనాది! దిగిపోతారేటి?”

అందరూ నన్నే చూశారు. దిగితే మరో ఆటో ఎప్పుడొస్తుందో తెలియదు.

“రేపు క్లాసులో చెబుతానమ్మా” అని కడ్డీ గట్టిగా పట్టుకున్నాను.

ఇప్పుడా పాఠానికి లిఫ్టు ఉదాహరణ చెబుతున్నాను. మా పిల్లలెవరూ లిఫ్టు చూడలేదు. నాకదే హాయి.