మహిపాల్ మాలిషు, బేగం పంటిగాటు

నాచారంలో మహిపాల్ చేయి పడని తల లేదు. ఉంటే అది ఇంకా పుట్టి ఉండదు. మల్లాపూర్ వెళ్లే రోడ్డు మీద రేకుల కప్పు కింద రెండు కుర్చీలు, ఎదురుగా ఒకటి, వెనక ఒకటి అద్దాలు, ఒక మూలగా పరదా. పరదా అవతల ఒకటే గది. ఆ గదిలో గ్యాస్ పొయ్యి, నవారు మంచం, భార్య దుర్గమ్మ. ఇదీ ఆయన సామ్రాజ్యం. జనగామ దగ్గరి ఊళ్లో ఎనిమిదో తరగతి మధ్యలో లేచి వచ్చేశాడు. బడి తన స్థాయికి తూగలేదని చెప్పుకునేవాడు.

కటింగ్ ఎవరైనా చేస్తారు. మహిపాల్ పేరు నిలబడింది మాలిషు మీద. కటింగ్ అయ్యాక అడక్కుండానే నడినెత్తిన నూనె చుక్కలు వేసి, కళ్లు మూసుకుని మొదలుపెట్టేవాడు. కళ్లు మూయడం ముఖ్యం. చూస్తూ పిసికేది పిండి, చూడకుండా పిసికేది తల అనేవాడు. వేళ్లతో మొదలై, అరచేతులకు వచ్చి, చెవుల వెనక తిరిగి, మెడను రెండువైపులా విరిచి, చివరికి వీపు మీద డప్పు వాయించనిదే వదిలేవాడు కాదు.

ఆ మాలిషుకు ఒక మహిమ ఉండేది. డప్పు దగ్గరికి వచ్చేసరికి కుర్చీలో ఎంతటివాడికైనా మర్చిపోయిన పని గుర్తొచ్చేది. ఆటో దయాకర్‌కు స్కూలు పిల్లల గిరాకీ గుర్తొచ్చేది. రైల్వేలో పనిచేసి రిటైరైన త్రిమూర్తులు గారికి ఇంట్లో మోటారు ఆపలేదని గుర్తొచ్చేది. ఒకరికి నల్లా నీళ్లు, ఒకరికి గ్యాస్ బండ. అందరూ ఠక్కున లేచి, తువ్వాలు మెడలో ఉండగానే పరుగు. రక్తం మెదడుకు ఎక్కితే జ్ఞాపకాలు అలాగే తన్నుకొస్తాయని మహిపాల్ వివరించేవాడు. కల్లు కాంపౌండు దగ్గర సైకిలు మర్చిపోయి కొత్తది కొనుక్కున్న మనిషికి, ఈ కుర్చీలోనే పాత సైకిలు గుర్తొచ్చిందట. వెళ్లి చూస్తే దాని మీద చిక్కుడు తీగ పాకి ఉందట. సైకిలుతోపాటు రెండు కిలోల చిక్కుడుకాయలు కూడా ఇంటికి తెచ్చుకున్నాడట. కాయలు తాను తిన్నానని మహిపాల్ ఒట్టేసేవాడు.

దుర్గమ్మకు కూడా మినహాయింపు లేదు. ఆమె తల మీద చేయి వేసి కాసేపు కాగానే పాలు పొంగుతున్నాయంటూ లేచిపోయేది. పెళ్లయిన కొత్తలోనూ అంతే, ఇప్పుడూ అంతే.

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మెట్రో పిల్లర్లు లేస్తున్న ఏడాది, ఒక వానలో తడిసి గోధుమరంగు పిల్లి షాపులోకి వచ్చింది. రెండో కుర్చీ ఎక్కి కూర్చుని, ఇక దిగలేదు. దాని దర్జా చూసి మహిపాల్ బేగం అని పేరు పెట్టాడు. గిరాకీ లేనప్పుడు అది ఆయన పిక్కలకు తల రుద్ది, ఒళ్లోకి ఎక్కి, గుర్రుమంటూ పడుకునేది. వీధిలో అంత పెద్ద మనుషులుండగా తననే ఎంచుకుందని ఆయన పొంగిపోయేవాడు.

ఒక ఆదివారం షాపు నిండా జనం. బేగం ఒళ్లోకి వచ్చింది. పిల్లికి మాలిషు చేసిన మొనగాడు హైదరాబాదులోనే లేడని ప్రకటించి, మహిపాల్ కళ్లు మూసుకున్నాడు. చెవుల వెనక, గడ్డం కింద, వెన్ను పొడుగునా, తోక మొదలు దాకా. బేగం గురక బయటి లారీలను మించిపోయింది. అరచేతులు కడుపు దాకా వచ్చి డప్పు మొదలవగానే, బేగం మెడ తిప్పి బొటనవేలి పక్కన కండను కసుక్కున కొరికింది. నెత్తురు రాలేదు. రెండు సొట్టలు పడ్డాయి, అంతే. కొరికాక పారిపోనూ లేదు. అదే ఒళ్లో కూర్చుని భుజం నాక్కుంది.

బెంచీ మీదున్న దయాకర్ అడిగాడు.

"మహిపాలన్నా, గా పిల్లికి ఏం యాదికొచ్చిందే?"

ఆ నవ్వు నాచారం దాటి, ఉప్పల్ దాటి, సాయంత్రానికి దయాకర్ ఆటోలో పీర్జాదిగూడ చేరింది. మహిపాల్ మాలిషు పిల్లి సుత ఓర్చుకోలేదన్నది ఊరి మాటైంది. కటింగ్‌కు వచ్చినవాళ్లు మాలిషు వద్దులే అన్నా అనడం మొదలుపెట్టారు. మరో వారానికి కటింగ్‌కూ రావడం తగ్గింది. అవతలి సందులో కొత్తగా తెరిచిన ఏసీ పార్లర్‌లో గడగడమనే మాలిషు మెషీన్ ఉంది. దానికి స్విచ్చి ఉంది, నచ్చకపోతే ఆపేయొచ్చు. మహిపాల్‌కు కటింగ్ పోయినా దిగుల్లేదు, చేతి పేరు పోతే మాత్రం మిగిలేది కత్తెర, దువ్వెన.

నూనె మార్చాడు. చేతులు నిమ్మకాయతో తోముకున్నాడు. పిల్లి పుట్టుకలోనే ఏదో లోపం ఉందన్నాడు. ఏం చేసినా అది ఒళ్లోకి రావడం మానలేదు, డప్పు దగ్గర కొరకడం మానలేదు. కోపమైతే ఒళ్లో ఎందుకు కూర్చుంటుంది, ప్రేమైతే ఎందుకు కొరుకుతుంది? ఆ చిక్కుతో మహిపాల్‌కు అన్నం సయించలేదు.

ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం బేగం మళ్లీ ఒళ్లోకి వచ్చింది. ఈసారి మహిపాల్ కళ్లు మూయలేదు. విద్య మీద అనుమానంతో కాదు, బొటనవేలి మీద భయంతో. ఎదురు అద్దంలో పిల్లి మొత్తం కనిపించింది. మొదట కళ్లు అరమోడ్పులు, గురక. కాసేపటికి గురక ఆగింది. తోక కొస అటూ ఇటూ కొట్టుకుంది. వీపు మీది చర్మం నీటి మీద గాలిలా కదిలింది. చెవులు పక్కలకు వాలాయి. తల మెల్లగా చేతివైపు తిరిగింది. మహిపాల్ చటుక్కున చేయి తీసేశాడు. బేగం ఆయనను ఎగాదిగా చూసి, ఆవులించి, మోకాలి మీద గడ్డం ఆనించి నిద్రపోయింది.

అంటే ఇన్నాళ్లూ అది చాలని తోకతో చెప్పింది, వీపుతో చెప్పింది, చెవులతో చెప్పింది. ఈయన కళ్లు మూసుకుని డప్పు వాయిస్తుంటే ఇక పంటితో చెప్పింది. చేయి నచ్చక కాదు, చేయి ఆగక.

అప్పుడే త్రిమూర్తులు గారు కటింగ్‌కు వచ్చారు. మాలిషు వద్దనలేక ఇంకా చేయించుకుంటున్న చివరి మనిషి ఆయనే. మహిపాల్ కళ్లు తెరిచే మొదలుపెట్టాడు. అద్దంలో పెద్దాయన ముఖం హాయిగా ఉంది. మెడ విరుపు దగ్గర చెవులు ఎర్రబడ్డాయి. డప్పు మొదలవగానే చెప్పుల్లో కాలివేళ్లు ముడుచుకున్నాయి, చేతులు కుర్చీని బిగించి పట్టుకున్నాయి, తల తాబేలులా భుజాల్లోకి దిగింది. తోక ఒక్కటే తక్కువ. అయ్యో మోటారు అంటూ నోరు తెరిచేలోగా మహిపాల్ రెండు చేతులూ పైకెత్తేశాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"సారూ, మీ మోటరుకు ఎన్నడో దానంతటదే బందయ్యే స్విచ్చి పెట్టిచ్చిన్రని పోయిన్నెల మీరే చెప్పిన్రు గద."

"పెట్టించాను" అన్నారు త్రిమూర్తులు గారు అద్దంలో చూపు తప్పించి.

"మరి గిన్నేండ్ల సంది గీ ఉరుకుడేంది సారూ?"

"ఏం చెప్పమంటావయ్యా. నువ్వు కళ్లు మూసుకుని భజనలో ఉన్నట్టు కొడుతుంటే, ఆపమంటే బాధపడతావేమోనని. మొదట్లో స్వర్గంలాగే ఉంటుంది. తర్వాత్తర్వాత వీపు నాదేనా అనిపిస్తుంది."

నాచారం మొత్తానికి ఉండి, బేగంకు లేనిది ఏమిటో మహిపాల్‌కు అప్పుడు తెలిసింది. మొహమాటం. మనుషులకది ఉంది కాబట్టి మోటార్లు, నల్లాలు, గ్యాస్ బండలు గుర్తొచ్చాయి. పిల్లికి గ్యాస్ బండ లేదు.

ఆయన పరదా తీసి లోపలికి వెళ్లి, పొయ్యి వైపు చూశాడు. పొయ్యి మీద గిన్నె లేదు, పొయ్యి వెలగడమూ లేదు.

"దుర్గా, నువ్వు సుత పాలు పొంగుతున్నయని ఉత్తగనే లేస్తుంటివా?"

"మనింట్ల పాలు పొద్దుగాల ఒక్కపారి కాగుతయి" అంది దుర్గమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"జర ముందుగాల్నే చెప్పొద్దానే."

"దినాం చెప్పిన గదయ్యా, పాలు పొంగుతున్నయని."

ఆ రోజు నుంచి డప్పు బందైంది. అద్దంలో చెవులు చూసుకుంటూ, కాలివేళ్లు కదలక ముందే చేయి తీయడం నేర్చాడు. మరుసటి వారం ఘట్‌కేసర్‌లో పెళ్లికి బయల్దేరిన త్రిమూర్తులు గారు, భార్య అరుణకుమారిని బస్టాపులో నిలబెట్టి గడ్డం గీయించుకోవడానికి వచ్చారు. నూనె చుక్కలు పడ్డాయి, వేళ్లు కదిలాయి, సమయానికి ఆగాయి. పెద్దాయన కుర్చీలోనే నిద్రపోయారు. ఎంత నిద్ర అంటే, అరుణకుమారి పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వచ్చి లేపితే, మీరెవరండీ అని అడిగారట. అక్కడే ఉన్న దయాకర్‌కు ఇంతకన్నా ఏం కావాలి. మహిపాలన్న చెయ్యి పడితే పెండ్లాం సుత యాదికుండదని చీకటి పడేలోగా పోచారం దాకా చాటింపు వేశాడు. ఆదివారానికి బెంచీ చాలక జనం బయట నిలబడ్డారు. మతిమరుపు తెప్పించేదే అసలైన మాలిషని, గుర్తు తెప్పించేది చిల్లర విద్యని మహిపాల్ అప్పటికే చెప్పడం మొదలుపెట్టాడు. చిక్కుడుకాయల కథ కూడా తిరగబడింది. ఇప్పుడు ఆ మనిషి ఈ కుర్చీలోంచి లేచాకే సైకిలు మర్చిపోయాడు.

ఆ రాత్రి షట్టరు దించాక, మర్నాటి వరకు ఆగవేమోనని మిగిలిన పాలు పొయ్యి మీద పెట్టి, దుర్గమ్మ తనంతట తానే వచ్చి ఆయన ముందు కింద కూర్చుంది. మహిపాల్ కళ్లు తెరుచుకునే ఉన్నాడు. ఆమె కాలి బొటనవేలు ఒక్కసారి కదలగానే చేయి తీసేశాడు. దుర్గమ్మ లేవలేదు. తల ఆయన మోకాలికి ఆనించింది.

వెనకాల పాలు నిజంగానే పొంగాయి. పొయ్యి మీదుగా కారి, గట్టు దిగి, నేల మీదికి వచ్చాయి. మంట దానంతటదే ఆరితే మహిపాల్ చేయి చాపి సిలిండర్ కట్టేశాడు. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు. బేగం మాత్రం లేచి, పాలు చల్లారేదాకా పక్కన కూర్చుని, నింపాదిగా నాకడం మొదలుపెట్టింది.