ఎర్తు గుంటల్లో ఉప్పు

మా బావగారు వెంకటరత్నం ఎవరినీ కొట్టిన మనిషి కాదు, తిట్టిన మనిషీ కాదు. రామచంద్రపురంలో ఎవరినడిగినా, కాలవల ఆఫీసులో అంత నెమ్మదైన గుమాస్తా ఇంకొకడు లేడంటారు. అననివ్వండి. వాళ్ళు తమ అక్కల్ని ఆయనకివ్వలేదు. మేం మా లోవలక్ష్మినిచ్చాం.

ఆయనకి రేడియో పిచ్చి. పాటలు వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో, హామ్ అంటారు. డెబ్భై ఎనిమిదిలో మద్రాసు వెళ్ళి పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నారు. సెట్టు తనే కట్టుకున్నారు. దాని ముందు కూర్చుంటే బరంపురం వాళ్ళూ బెంగుళూరు వాళ్ళూ వరసపెట్టి పలికేవారు. వాళ్ళందరితో ఎంత మర్యాదో! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

అందులోనూ ఆయన మనసుపడింది ఎనభై మీటర్ల బ్యాండు మీద. తక్కువ ఫ్రీక్వెన్సీ, దాని గోలే గోల. ఎక్కడో ఉరిమితే ఇందులో చిటపట, పక్క వీధి రైసుమిల్లు తిరిగితే ఇందులో బరబర. మిల్లుని ఆపించలేరు కనక ఇంటిని ఆపించారు. చోకు గోల చేస్తోందని ట్యూబులైటు తీయించారు. అక్క కుట్టుమిషనుకి నేను బిగించిన మోటారు విప్పించారు. ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నంతసేపూ ఫ్యాను తిరక్కూడదు, రోహిణీ కార్తె అయినా సరే. ఆయన మాట్లాడేటప్పుడు మాత్రం పక్కింటి రేడియోలో వార్తల మధ్య ఈయన గొంతు దూరేది. వాళ్ళొచ్చి మొత్తుకుంటే "మీ సెట్టు నాసిరకం అండీ" అని నవ్వుతూ పంపించేవారు.

ఆ బ్యాండుకి చాలా పొడుగు తీగ కావాలి. అడ్డంగా లాగుదామంటే ఆ ఇంటికి అంత జాగా లేదు. అందుకని పెరటి మధ్యలో ఇనప పైపులు ఒకదాని మీదొకటి బిగించి కొబ్బరిచెట్టంత ఎత్తున నిలబెట్టారు. నిలువు ఏంటెనాకి ఎర్తే, అంటే నేలతో కలిపే కనెక్షనే, ప్రాణమట. స్థలం నాలుగు మూలలా గుంటలు తీయించి రాగిరేకులు పాతి, బొగ్గూ రాళ్ళుప్పూ వేయించారు. రోజూ సాయంత్రం ఆ గుంటల్లో ఉప్పునీళ్ళు పొయ్యడం అక్క పని. అంట్లు తోమి, దీపం పెట్టి, బిందె ఎత్తుకునేది.

మాది కడియం, నర్సరీల ఊరు. మా నాన్న బుల్లియ్య అంటు కడితే ఎండుపుల్ల అయినా చిగురేస్తుందనేవారు. అక్క కాపరానికి వెళ్ళినప్పుడు సారెతో పాటు మల్లెలు, మందారాలు, కరివేపాకు, ఎన్ని మొక్కలు పంపామో! ఒక్కటీ దక్కలేదు. ఆకు కొనలు మాడితే అది ఉప్పు పనేనని మా ఊళ్ళో పసివాడు కూడా చెబుతాడు. అక్కకి తెలీదా? తెలుసు. అయినా మొగుణ్ణి మా ముందు తక్కువ చెయ్యడం ఇష్టంలేక, "నేల పడలేదురా తమ్ముడూ" అనేది.

నాన్న చనిపోయిన ఏడు, ఆయన తన చేత్తో కట్టిన ఆఖరి అంటుని అక్కకి తీసుకెళ్ళి ఇచ్చాను. కొత్తపల్లి కొబ్బరి మామిడి. వణికే చేతులతో కట్టారేమో, కట్టు కాస్త వంకర. అక్క ఆ వంకరని వేలితో తడిమి చూసుకుని ఏడ్చింది. వీధి వైపు మూల నాటి, కాలవ ఒండ్రు చుట్టూ పోసి, పసిపిల్లని పెంచినట్టు పెంచింది. ఎర్రటి చిగుళ్ళు వేసినప్పుడు ఒక ఆకు తుంచి కవర్లో పెట్టి నాకు పోస్టులో పంపింది. అంత సంబరం.

ఆ మూలా ఒక గుంట ఉంది. అక్క పెళ్ళయ్యాక మొగుణ్ణి నోరు తెరిచి ఏదైనా అడిగిందంటే అది ఒక్కటే. "ఏవండీ, ఆ మూల ఒక్కదానికీ ఉప్పు మానేస్తానండీ. నాన్న చెట్టు."

బావగారు ఎంతో శాంతంగా అన్నారు. "ఎర్తు సరిగ్గా లేకపోతే నా గొంతు గోదావరి కూడా దాటదు లోవా. నీకు చెట్టు ముఖ్యమా, నేను ముఖ్యమా?"

అలా అడిగితే ఏ ఆడది ఏం చెబుతుంది? బిందె ఎత్తుకుంది. ఉప్పునీళ్ళు పోసి, ఆ వెనకే మొదలు చుట్టూ మంచినీళ్ళు పోసేది. ఉప్పు కడగాలని. వేసవికల్లా ఆకు కొనలు మాడాయి.

అప్పుడే రాజమండ్రి నుంచి లాజరు గారు వచ్చారు. ఫిజిక్సు చెప్పి రిటైరైన పెద్దాయన. బావగారికి గాల్లో స్నేహితుడు, మొహం చూడ్డం అదే మొదలు. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. ఆయన ఏంటెనా చుట్టూ తిరిగి చూసి, గుంట దగ్గర ఆగారు.

"ఇక్కడ ఉప్పెందుకండీ రత్నం గారూ? అడుగు తవ్వితే నీళ్ళూరే నేల. అయినా మీకు పని చేసేది గుంటలు కాదు కదా, కింద పరిచిన తీగలు."

"తెలుసండీ" అని నవ్వారు బావగారు. "తీగలు జానెడు లోతులో ఉన్నాయి, సైకిలు చక్రం పుల్లల్లాగా. ఆవిడ పుట్టింటికి వెళ్ళినప్పుడు పాతించాను. కడియం పిల్ల కదండీ, తవ్వొద్దంటే వింటుందా? ఇవాళ ఇక్కడ గునపం, రేపు అక్కడ గునపం. తెగిన తీగ వెతుక్కోలేక నేను చావాలి. అదే ఉప్పు పోయిస్తే ఏ మొక్కా బతకదు, గునపం జోలికి తనే పోదు. గొడవ లేదు, మాట లేదు."

కాఫీ గ్లాసులు పట్టుకుని అక్క ఆయన వెనకే నిలబడి ఉంది.

"నాన్న చెట్టు చచ్చిపోతోందని కూడా తెలుసాండీ?" అంది.

"తెలుసు. చెట్టే కదా లోవా. మీ వాళ్ళ తోట నిండా అవే. అసలు ఆ మూలకి తీగలే లేవు. కానీ ఒక మూల వదిలేస్తే రెండో మూల అడుగుతావని."

లాజరు గారు కాఫీ ముట్టకుండానే అక్కకి రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయారు. "పెద్దాయనకి షుగరేమో" అన్నారు బావగారు. నేను గునపం అందుకున్నాను. తీగలు పెకలించడానికో, ఆ మనిషి నెత్తిన వెయ్యడానికో ఇప్పటికీ చెప్పలేను. అక్క నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

వానలు పడేలోపే చెట్టు పూర్తిగా ఎండిపోయింది. శ్రావణంలో అదే తల్లిచెట్టు నుంచి నేను కట్టిన అంటు పట్టుకుని వెళ్ళాను. బావగారు ఉదారంగా "పెట్టుకోమను, ఆ మూల ఉప్పు అక్కర్లేదులే" అన్నారు. రేడియో గదిలోకి వెళ్ళి కూర్చున్నారు.

అక్క మొక్క వైపు చూడలేదు. బిందెలో ఉప్పు కలిపి నాలుగు గుంటల్లోనూ పోసుకుంటూ వచ్చింది. ఆ మూల గుంటలో కూడా.

"ఇంకా ఎందుకే? ఆయనే వద్దన్నారుగా!" అని అరిచాను.

"తీసుకుపోరా" అంది. "దీన్ని పెట్టానంటే, నా ప్రాణం ఎక్కడుందో ఆయనకి మళ్ళీ తెలిసిపోతుంది."

మొక్కని చంకన పెట్టుకుని బస్సుకి బయల్దేరాను. కిటికీలోంచి బావగారి గొంతు వినబడుతోంది. ఎవరో సిలోను ఆయనతో, ఎంతో మర్యాదగా, తన ఎర్తు ఎంత బాగా కుదిరిందో చెబుతున్నారు.