మా బావ చూస్తే నేను చూసినట్టేనంట!

మా చిన్నప్పుడు... శనివారం పొద్దున్నే మా బావ గోవిందు తలకు నూనె పట్టించి, ఉతికిన చొక్కా తొడుక్కుని ధర్మపురి బస్సెక్కుతా ఉంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

అసూయే. దానికి ఇంకో మంచి పేరు పెట్టను.

ఎనభైల మాట. తమిళనాడులో కడత్తూరు పక్కన పల్లె మాది, ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నేనూ బావా ఒకే బడిలో ప్లస్ టూ, అంటే మీ ఇంటరు. మా బడిలో ల్యాబ్ అంటే తాళం వేసిన గది, లోపల విరిగిన బల్లలు. అందుకని మా ఫిజిక్స్ సారు ధర్మపురిలో ఒక కాలేజీ వాళ్ళతో మాట్లాడినాడు. శనివారాలు మా క్లాసువాళ్ళు అక్కడికి పోయి, కాలేజీ పిల్లల పక్కన కూర్చుని పాఠం వినొచ్చు, ల్యాబ్ చేయొచ్చు. మా క్లాసువాళ్ళు అంటే... మగపిల్లలు!

ఫిజిక్స్‌లో ఫస్టు నేను. పోయి అడిగినాను. "బస్సు తప్పితే మీ ఇంట్లోవాళ్ళకు ఎవరమ్మా జవాబు చెప్పేది?" అన్నాడు సారు, తమిళంలో.

ఇంట్లో మామను అడిగినాను. మామ అంటే అమ్మకు అన్న, గోవిందుకు నాయన. నేను పుట్టినప్పుడే నన్ను గోవిందుకు అనుకున్నారు, మాలో అదే ఆనవాయితీ. మామ నవ్వి తెలుగులో అన్నాడు... "వాడు చూస్తే నువ్వు చూసినట్టే కదమ్మా. రేపు ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు!"

భాషలు రెండు... మాట ఒకటే. నువ్వు పోవద్దు.

సాయంత్రం బావ బస్సు దిగంగానే పట్టుకునేదాన్ని. "ఏం చూపించినారు బావా?"

"క్యాంటీన్లో బొండా ఉంది చూడు... ఇంత లావు!"

"ల్యాబ్‌లో?"

"ఏదో మూడు పక్కల గాజుముక్క. గోడ మీద రంగులు పడినాయి. ఫ్యాను కింద నాకు నిద్రొచ్చేసింది."

రంగులు పడినాయంట! ఆ గాజులో కిరణం ఎట్లా వంగుతుందో పుస్తకం మూసేసి కూడా గీసేదాన్ని నేను... రంగులు మాత్రం చూడలే. చూసినవాడికేమో నిద్రొచ్చింది. ఇది అన్యాయం కాకపోతే ఏది అన్యాయమో ఎవరైనా చెప్పండి.

అంతటితో పోలేదు. ల్యాబ్ రికార్డు పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టినాడు. "ఆ గాజుముక్క బొమ్మ నువ్వేసియ్యవే. లేకుంటే ఆ కాలేజీ సారు సంతకం పెట్టడు."

"వెయ్యను పో!"

మర్నాడు మామే వచ్చినాడు, పంచె ఎగ్గట్టుకుని. "కట్టుకోబోయేవానికి ఒక బొమ్మ వెయ్యలేవా?"

"నువ్వే అంటివి కదా మామా, వాడు చూస్తే నేను చూసినట్టేనని? అట్లయితే నేను చూసినా వాడు చూసినట్టే. ఈ శనివారం నన్ను పంపు. బొమ్మా నేనే వేస్తా, సంతకమూ నేనే తెస్తా."

పిండి రుబ్బుతా ఉన్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. మామ ఎగ్గట్టిన పంచె దించుకున్నాడు. గోవిందే అందుకున్నాడు... "దీన్ని పంపితే నా బొండా ఎవరు తినేది?"

అందరూ నవ్వినారు, నేను తప్ప. ఆ నవ్వుల్లో నా మాట కొట్టుకుపోయింది. ఆ శనివారమూ వాడే పోయినాడు, ఆ యేడంతా వాడే పోయినాడు. నేను ఆ కాలేజీ గేటును బస్సు కిటికీలోంచి చూసినాను, అంతే. పెళ్ళంటారా... వాణ్ణి చేసుకోలేదు లెండి.

అసూయ పాపమని నీతులు చెప్పేవాళ్ళను ఒకటి అడుగుతాను. ఇద్దరికీ ఆకలేస్తుంటే ఒకరికే విస్తరి వేసి, రెండోవాళ్ళను ఓర్చుకోమనడం ఏ నీతి?

ఇప్పుడు మా తమ్ముడి కూతురు ప్లస్ టూ. మంచం మీద బోర్లా పడుకుని, మురుకులు నములుతా ఫోన్లో కాలేజీ పాఠాలు వింటుంది. బోరు కొడితే మార్చేస్తుంది. పక్కన చేరి నేనూ చూస్తుంటే, "అత్తా, నీకిది అర్థమవుతుందా?" అంటుంది. ఎవరినీ అడగదు. అడగాల్సిన కాలం ఒకటి ఉండిందని కూడా దానికి తెలీదు... దీనికోసమే కదా ఇన్నేళ్ళు ఆడవాళ్ళ మీటింగుల్లో గొంతు చించుకున్నాం. సంతోషమే. కానీ దాన్ని చూస్తే కుళ్ళు కూడా పుడుతుంది, ఏం చెయ్యను...

మీ ఇళ్ళల్లో ఎవరిని పంపినారు, ఎవరిని ఆపినారు? కింద రాయండి. ఆగిపోయినవాళ్ళ సంగతే ముందు రాయండి.