నోటి చీటీ

మా ఆడపడుచుని వాళ్ళ ఆఫీసులో చీటీలమ్మ అంటారు. నిఘంటువు తయారుచేసే ఆఫీసు అది. ఎవరు ఏ మాటని ఎలా వాడారో అరచేతంత చీటీ మీద రాసి, అక్షరాల వరసలో సొరుగుల్లో పెట్టడం ఆమె ఉద్యోగం. ముప్పై ఏళ్ళుగా అదే పని. పెళ్ళి చేసుకోలేదు. మూడో అంతస్తులో ఒక గది, మంచం, బల్ల, ఒకే ఒక్క కుర్చీ. ఎవరైనా వెళ్తే కుర్చీ వాళ్ళకిచ్చి తను మంచం మీద కూర్చుంటుంది. ఇంకోటి కొనుక్కోవచ్చు కదా అని నేనెన్నిసార్లు సణిగానో. విని నవ్వి ఊరుకునేది.

ఈమధ్య మెట్ల మీద కాలు మడతపడి వారం రోజులు మంచం దిగలేదు. అంతే, మా ఆయనకి చెల్లెలి మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఒంటరి ఆడది, రేపు ఏదన్నా అయితే నలుగురూ మన మొహాన ఉమ్మరూ అంటూ ఇల్లంతా తిరిగాడు. తిరిగి ఊరుకున్నా బాగుండేది. ఆమెతో ఒక్క మాటయినా అనకుండా ఆ ఇంటి ఓనరు దగ్గరికి వెళ్ళి, మా చెల్లెలు గది ఖాళీ చేస్తుందని చెప్పేసి వచ్చాడు. ఓనరు అప్పుడే వేరేవాళ్ళకి మాటిచ్చేశాడు. ఆదివారం సాయంత్రం వాళ్ళొచ్చి తాళంచెవి తీసుకుంటారట. నిజం చెప్పొద్దూ, నేనూ అడ్డు చెప్పలేదు. పాపం ఒక్కతే కదా అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం గోనెసంచులు, తాళ్ళు పట్టుకుని మా ఆయనతో పాటు వ్యానెక్కాను.

మేం వెళ్ళేసరికి బల్ల ముందు కూర్చుని, ఇంటికి తెచ్చుకున్న ఆఫీసు చీటీలు రాసుకుంటోంది. గోనెసంచుల వంక చూసింది, నా వంక చూసింది. మా ఆయన సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ఆమె అరవలేదు, ఏడవలేదు. పెన్ను మూత పెట్టింది.

"నన్నెవరూ ఒంటరిదాన్ని చెయ్యలేదన్నయ్యా. తలుపు నేనే వేసుకున్నాను. ఈ గదిలో ఉన్నది నా వివిక్తత. ఖాళీ చెయ్యను."

మా ఆయన బిత్తరపోయాడు. ఆ మాటేదో కొత్తరకం తిట్టనుకున్నాడు, పాపం. వ్యాను వెళ్ళిపోకుండా ఆపుతాను, నువ్వు నచ్చజెప్పు అని ఆమెని నాకు అప్పగించి కిందికి దిగిపోయాడు.

నచ్చజెప్పడం నా తలకాయ! ముందు ఆ మాటకి అర్థం ఏమిటని అడిగాను. బల్ల సొరుగులోంచి రెండు చీటీలు తీసి చూపించింది. తోడు లేక మిగిలిపోతే అది ఒంటరితనమట. మనిషి తనంతట తాను జనంలోంచి, గోలలోంచి పక్కకి జరిగి, తేటపడి కూర్చుంటే అది వివిక్తత అట. తత్త్వం రాసినవాళ్ళు తప్ప ఎవరూ వాడరట. వాళ్ళ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ప్రతి మాటకీ పుస్తకాల్లోంచి రెండు చీటీలు, బతికున్న మనిషి నోట్లోంచి ఒక చీటీ ఉండాలి. అడిగి చెప్పించుకోకూడదు, రాసేవాళ్ళు తమ మాట తాము రాసుకోకూడదు. నోటి చీటీ లేని మాటని కొట్టేస్తారు. ఈ మాటకి ఆరేళ్ళుగా నోటి చీటీ దొరకలేదు. మర్నాడే ఆ అక్షరం అచ్చుకి వెళ్తోంది.

"మాట ఎలాగూ పోతుంది. గది మాత్రం ఇవ్వను వదినా," అంది.

బల్ల మీద సగం తాగిన మంచినీళ్ళ గ్లాసు ఉంది. ఆమె తిరిగి వచ్చేదాకా అది అక్కడే ఉంటుంది. మా ఇంట్లో ఏడుగురం. నేను పెట్టిన గ్లాసు పెట్టినచోట కనపడి ఇరవై ఆరేళ్ళయింది. ఎవరికీ చెప్పని సంగతొకటి గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. కింద మా ఆయన హారన్ మీద హారన్ కొట్టిస్తున్నాడు. కిటికీలోంచి తల బయటపెట్టాను.

"వ్యాను పంపించెయ్యండి. మీ చెల్లెలు రాదు. పది నిమిషాల వివిక్తత కోసం నేను ఇరవై ఆరేళ్ళుగా బాత్రూంలో కుళాయి తిప్పి, బకెట్ బోర్లించుకుని కూర్చుంటున్నాను. తనకి గదినిండా ఉంది. అదీ లాక్కుంటారా?"

వీధంతా తలెత్తి చూసింది. చూడనీ. వెనక సొరుగు లాగిన చప్పుడైంది.

"వదినా, బోర్లించి అన్నావా, బోర్లించుకుని అన్నావా?" చేతిలో ఖాళీ చీటీ, కళ్ళనిండా నీళ్ళు.

బోర్లించుకుని అనే అన్నానని చెప్పాను. ఎవరన్నారు అనే చోట 'మా వదిన' అని రాసుకుంది.

తర్వాత మా ఆయన్ని ఓనరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. నాది కాని గదిని ఖాళీ చేయిస్తానన్నాను, తప్పయింది అని ఆయన నోటితోనే చెప్పించాను. ఓనరు గొణిగాడు గానీ, ఆ రాబోయేవాళ్ళకి ఫోను చేసి వద్దన్నాడు. గోనెసంచులు ఖాళీగానే ఇంటికొచ్చాయి.

ఇంటికి రాగానే బాత్రూంలోకి వెళ్ళి గడియపెట్టి, బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను. కుళాయి తిప్పలేదు. రెండు నిమిషాలకే మా ఆయన తలుపు కొట్టి, చప్పుడే లేదు, లోపల ఏం చేస్తున్నావని అడిగాడు.

"ఏమీ చెయ్యట్లేదు. ఊరికే కూర్చున్నాను," అన్నాను.